వందకు పన్నెండు పాళ్ల నీళ్లు

గని గేటు పక్కన ఒక గది ఉంది. గదికి ఒకే కిటికీ. కిటికీ బయట లారీ మొత్తం ఎక్కి నిలబడేంత ఇనుప పలక. దాని మీదికి ఎక్కినదాన్ని తూచి, చీటీ రాసి, సంతకం పెట్టి డ్రైవరు చేతికివ్వడం కాటా వదిన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అక్కడి ఇనుప కొండ ఆమె కిటికీ ముందు నుంచే లారీ లారీగా వెళ్లిపోయింది. ఆ కొండను చూసినవాళ్లు చాలామంది ఉండవచ్చు, ఎక్కి దిగినవాళ్లూ ఉండవచ్చు. తూచిన మనిషి మాత్రం ఈవిడొక్కతే.

వదిన అన్న పిలుపు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆమె కన్నా పదేళ్లు పెద్ద డ్రైవర్లూ వదినా అనేవారు, నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్నవాళ్లూ వదినా అనేవారు. ఆఖరికి ఆమె భర్త కూడా ఊరందరికీ 'కాటా వదినగారి ఆయన' అయిపోయాడు. ఆయన దర్జీ. ఇంటి అరుగు మీద కుట్టుమిషను వేసుకుని రోజంతా కొలతలు తీస్తాడు. ఆ ఇంట్లో కొలిచే మనిషి ఇంకొకడు ఉన్నాడన్న సంగతి, పాపం, ఎవరికీ పట్టేది కాదు.

తూకం దగ్గర వదినకు మొహమాటం లేదు. ఖాళీ లారీని తూచేటప్పుడు డ్రైవరు దిగాలి, నిండు లారీని తూచేటప్పుడూ దిగాలి. బరువును బట్టి బత్తెం కాబట్టి ఒక లావుపాటి డ్రైవరు ఖాళీ లారీకి బుద్ధిగా దిగి, నిండు లారీలో మాత్రం స్టీరింగు వెనక నక్కి కూర్చునేవాడు. వదిన కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"ఏమయ్యా, నిన్ను కూడా కొలిమిలో వేస్తారా?"

"అదేం మాట వదినా!"

"వెయ్యరు కదా. మరి ఖనిజంతో పాటు నిన్నెందుకు తూచడం? దిగు."

అతను దిగాడు. కాటా మీద అంకె తొంభై ఆరు కిలోలు పడిపోయింది. లైన్లో ఉన్న లారీలన్నీ హారన్లు కొట్టాయి. ఆ తర్వాత చాలాకాలం అతన్ని అందరూ 'తొంభై ఆరు' అనే పిలిచారు.

ఇంట్లోనూ ఇదే తంతు. పప్పు డబ్బా మీద ఖాళీ డబ్బా బరువు రాసి ఉంటుంది. ఉప్పు డబ్బా మీద కూడా. అత్తగారు మంచం మీద కూర్చుని ఆ డబ్బాలను చూసి మూతి తిప్పేది.

"నన్నెప్పుడు తూస్తావే?"

"మిమ్మల్ని తూచొచ్చు అత్తయ్యా. మీ మాటల్ని మోసే కాటా ఇంకా తయారు కాలేదు."

అత్తాకోడళ్ల ప్రేమ అలా ఉండేది. ఒకరు అన్నది ఇంకొకరు రెండు రోజులు తలుచుకుని నవ్వుకునేవారు, ఎదుటపడితే మాత్రం ముఖాలు ముడుచుకునేవారు.

వాళ్ల ఇల్లు కొండ భుజం మీద ఉన్న నలభై ఇళ్ల వీధిలో ఉంది. ఒకప్పుడు ఆ వీధికి వెనక కొండ ఉండేది. ఇప్పుడు వెనక గుంట ఉంది. పెరటి గోడ మీంచి తొంగి చూస్తే కింద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. ఇంకా ఎంత తవ్వుతారన్నదానికి ఒక హద్దు ఉంది. ఆ కొండలోంచి ముప్పై లక్షల టన్నులు తీయవచ్చని, ఆ అంకె చేరిన రోజున తవ్వకం ఆపి గుంట పూడ్చాలని అనుమతి కాగితంలో రాసి ఉంది. పుస్తకం ప్రకారం ఇప్పటికి ఇరవై ఎనిమిది లక్షలయ్యాయి. ఇంకా రెండు లక్షలు మిగిలాయి. అవి ఎక్కడున్నాయయ్యా అంటే సరిగ్గా ఆ నలభై ఇళ్ల కింద ఉన్నాయి.

కాబట్టి ఇళ్లు లేవాలి. నెల రోజుల్లో గనుల శాఖ అధికారి వస్తాడు, ఏడాదికోసారి జరిగే సభలో మేనేజరు లెక్క చదువుతాడు, అధికారి సంతకం పెడతాడు, వీధి వాళ్లు మూడు మైళ్ల అవతల రేకుల ఇళ్లకు సామాను మోసుకుంటారు. అందరూ తిట్టుకున్నారు గానీ ఎవరూ కాదనలేదు. లెక్క లెక్కే కదా. పైగా ఆ లెక్క రాసింది వీధిలో మనిషే, వదిన. ఆమె రాసిందంటే గింజ తేడా ఉండదని నలభై ఇళ్లకూ నమ్మకం. అత్తగారు ఒక్కతే మంచం దిగనని భీష్మించుకుంది.

"నన్ను మంచంతో సహా తవ్వి లారీకెత్తమను. నువ్వే తూచి చీటీ రాద్దువుగాని."

ఇక్కడ నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే కథ నడవదు. గనిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతారు. వాన కూడా తన వంతు చల్లుతుంది. తడిసిన ఖనిజం బరువెక్కుతుంది. నీళ్లను ఇనుము కింద రాసుకోవడం ధర్మం కాదు కాబట్టి, తూచిన బరువులోంచి తేమ కింద వందకు పన్నెండు తీసేసి మిగతాదే కొండలోంచి తీసిన సరుకని పుస్తకంలో రాస్తారు. కాటా మీద వంద టన్నులైతే పుస్తకంలో ఎనభై ఎనిమిది. అనుమతిలో ఉన్న ముప్పై లక్షలూ ఇలా నీళ్లు తీసేసిన బరువే. వదిన రోజూ ఆ పన్నెండు తీసేసేది. చెయ్యి కడుక్కున్నంత అలవాటుగా తీసేసేది.

ఒకరోజు పొద్దున ఆకుకూరల ఆమె వీధిలోకి వచ్చింది. వదిన తన చిన్న కాటా పట్టుకుని అరుగు దిగింది. కూర చేత్తో పట్టుకుంటే మోచేతి దాకా నీళ్లు కారాయి.

"ఇది ఆకుకూరా, కుళాయా? నీళ్లు చల్లి బరువు పెంచుతున్నావు."

"ఎండకి వాడిపోతుందని చల్లాను వదినా. కావాలంటే దులిపి తూస్తాను. మీ గనిలోనూ చల్లుతారుగా, మీరు దులిపి తూస్తారా?"

"మేం వందకి పన్నెండు తీసేస్తాం."

"ఈ ఎండల్లో కూడా పన్నెండేనా?"

"ఎప్పుడైనా పన్నెండే."

ఆకుకూరల ఆమె గంప మీద చెయ్యి వేసింది. "ఈ కూర మీ పొయ్యి దాకా వచ్చేసరికే ఆరిపోతుంది. అలాంటిది మీ రాయిలో పన్నెండు పాళ్లు అలాగే ఉంటాయా? మా కూర కన్నా మీ రాయే తడిదన్నమాట!"

ఇరవై రెండేళ్లలో మొదటిసారి వదిన బేరమాడలేదు. ఆవిడ చెప్పిన ధరకే కూర కొనుక్కుని లోపలికి వచ్చేసింది. దర్జీ కుట్టుమిషను ఆపి మరీ చూశాడు.

ఆ సాయంత్రం వదిన అన్నం గిన్నెలో అన్నానికి బదులు కిలో ఖనిజం వేసుకుని ఇంటికి వచ్చింది. పెనం పొయ్యి మీద పెట్టి, అందులో పోసి, గరిటెతో తిప్పడం మొదలుపెట్టింది. ఎర్రటి ఆవిరి లేచింది.

అత్తగారు ముక్కు మూసుకుంది. "ఇవాళ్టి వేపుడు ఇదేనా? నాకు పళ్లు లేవే తల్లీ."

"మీకు కాదు అత్తయ్యా. దీన్ని ఎండబెట్టి తూస్తున్నా."

"కొండ అంతా తూచావు, చాల్లేదా? ఇంటికి తెచ్చుకుని మరీ తూస్తున్నావా?"

ఆవిరి ఆగేదాకా వేయించి తూస్తే తొమ్మిది వందల అరవై గ్రాములు వచ్చింది. అంటే వందకు నాలుగు పాళ్లు నీళ్లు. మర్నాడు తొమ్మిది వందల యాభై ఐదు. బాగా నీళ్లు చల్లిన రోజున చూసి తెచ్చినా తొమ్మిది వందల ముప్పైకి తగ్గలేదు. పన్నెండు పాళ్లుంటే ఎనిమిది వందల ఎనభై రావాలి. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో పెనం దేనికీ పనికిరాకుండా పోయింది, దర్జీ కొత్త పెనం కొనుక్కొచ్చాడు, వదినకు నిద్ర పట్టడం మానేసింది.

అప్పుడామెకు చీటీలు గుర్తొచ్చాయి. ఖనిజం కొనుక్కునే ఫ్యాక్టరీ వాళ్లు మహా గట్టివాళ్లు. సరుకు దిగగానే పిడికెడు తీసి ఎండబెట్టి, అందులో తేమ ఎంతో చూసి, దాన్ని మినహాయించుకునే కొంటారు. ఆ సంగతి చీటీ మీద రాసి లారీతో తిప్పి పంపుతారు. ఆఫీసు వాళ్లకు కావాల్సింది చీటీలోని బరువు. అది ఎక్కించుకున్నాక చీటీలను వదిన గదికి తోలేసేవారు. ఆమె వాటిని తీగకు గుచ్చి, తీగ నిండితే కట్ట కట్టి బీరువాలో పడేసేది. ఇరవై రెండేళ్ల కట్టలు. ఒక్కనాడూ తేమ గడి చూడలేదు. తనది బరువు, తేమ ఎవరిదో అనుకునేది.

లారీకీ లారీకీ మధ్య దొరికిన ఖాళీలో కట్టలు విప్పింది. ఐదు. నాలుగు. ఆరు. నాలుగు. వానాకాలంలో తొమ్మిది, ఒకచోట పదకొండు. మళ్లీ నాలుగు. సగం కట్టలు ఇంటికి మోసుకొస్తే దర్జీ కూడికలు చేశాడు. కాగితం దొరక్క ఎవరిదో ప్యాంటు గుడ్డ మీద సుద్దముక్కతో కూడాడు. ఆ ప్యాంటు ఆసామి వచ్చి, తన తొడ మీద లక్షల టన్నుల లెక్క చూసి హడలిపోయాడు. తొమ్మిది రోజులు కూర్చుంటే తేలింది, అంతా కలిపి సగటున వందకు ఐదు.

ఐదు చొప్పున నీళ్లు తీసేసి మొదటి నుంచీ లెక్క కడితే ముప్పై లక్షల ఇరవై రెండు వేల టన్నులు దాటింది. ఆమె మూడుసార్లు కట్టింది. మూడుసార్లూ అంతే. తవ్వకం ఆగాల్సిన గీత ఎప్పుడో వెనకబడిపోయింది. వీధి కింద తీసుకోవడానికి రెండు లక్షలు మిగల్లేదు. ఒక్క తట్ట కూడా మిగల్లేదు.

వదిన సంబరం అంతా ఇంతా కాదు. దొంగ దొరికాడనుకుంది. చీటీలు కొంగున కట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. మేనేజరు మెత్తటి మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. నవ్వుతూ కూర్చోబెట్టి, నవ్వుతూ మాట్లాడి, నవ్వుతూ పంపించేస్తాడు. బయటికి వచ్చాక గానీ పని కాలేదని తెలియదు.

"సార్, మన గేటు దగ్గర పన్నెండు పాళ్లున్న నీళ్లు ఫ్యాక్టరీకి చేరేసరికి ఐదవుతున్నాయి. మధ్యలో ఎవరు తాగుతున్నట్టు?"

మేనేజరు నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది. "ఆ పన్నెండు నేను పెట్టింది కాదమ్మా. నేను వచ్చేసరికే ఉంది."

"తప్పని తెలిసీ..."

"తప్పో ఒప్పో పెట్టినవాళ్లకు తెలియాలి. పాత పుస్తకాలన్నీ మీ బీరువాలోనే ఉన్నాయిగా. వెతికి పట్టుకోండి. పట్టుకున్నాక నాకూ చెప్పండి."

సరేనని వదిన చీర కుచ్చెళ్లు దోపుకుని బీరువా అడుగు అరలోకి దూరింది. దుమ్ముకు తుమ్మింది, పురుగులు కొట్టేసిన అట్టలు దులిపింది, ఆ వెధవెవడో వాడి నోట్లో మట్టి కొట్టాలని డ్రైవర్లందరూ వినేలా శపించింది. తొంభై ఆరు గారు కిటికీ దగ్గర నిలబడి వంత పాడాడు. ఆఖరికి మొట్టమొదటి పుస్తకం దొరికింది. మొదటి పేజీలో పై వరస. తేమ అన్న గడి. అందులో పన్నెండు. పక్కన పొందికగా, గుండ్రంగా, తోక కాస్త పైకి లేచిన సంతకం.

వదిన తిట్టడం ఆపేసింది. ఆ సంతకం ఆమెదే.

గురివింద గింజ సామెత ఆమె ఎందరి మీదో వాడింది. ఇప్పుడది తన మీద వాలింది. అంతా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరి నాలుగో రోజు. వారంగా ముసురు. అప్పటి మేనేజరు తలుపు దగ్గర నిలబడి, ఆ గడి ఖాళీగా ఉందమ్మా, ఏదో ఒకటి చూసి రాయి అన్నాడు. ఏదో ఒకటి రాయడం ఆమె స్వభావం కాదు. టీ పెట్టుకునే పొయ్యి మీద కిలో ఖనిజం ఎండబెట్టి, తూచి, ఎనిమిది వందల ఎనభై వస్తే పన్నెండని రాసింది. ఆ రోజుకది నిఖార్సైన నిజం. మేనేజరు శభాష్ అన్నాడు. ఆ శభాష్ ఇంటికి మోసుకొచ్చి అత్తగారికి కూడా చెప్పింది. ఏడాది తిరిగి కొత్త పుస్తకం తెరిచినప్పుడు పాత పుస్తకంలోంచి పై గడులన్నీ ఎత్తి రాసింది. అలా ఇరవై రెండు పుస్తకాలు. వాన ఏనాడో వెలిసిపోయింది, ఆమె పుస్తకంలో మాత్రం కురుస్తూనే ఉంది.

ఆమెకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్లంతా చెమట పట్టే సిగ్గు. తొంభై ఆరు కిలోల దగ్గర వేలు పెట్టి చూపించిన మనిషి తన చేతి కింద లక్షల టన్నులు జారిపోతుంటే చూడలేదు. డ్రైవరు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు.

"దొరికాడా వదినా వెధవ?"

"దొరికింది. లారీ ముందుకు తియ్యి."

మర్నాడు మేనేజరే ఆమె గదికి వచ్చాడు. అంతవరకు అమ్మా అనేవాడు, ఆ రోజు మొదటిసారి వదినా అన్నాడు.

"చూశారుగా వదినా. నేను ముందే చెప్తే బాధపడతారని చెప్పలేదు. ఈ పుస్తకం సభలో విప్పితే ముందు పోయేది మీ పరువు. ఇరవై రెండేళ్ల మంచి పేరు. ఊరంతా మిమ్మల్నే తిడుతుంది. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి? కొత్త చోట మీకు మూల ఇల్లు ఇప్పిస్తాను. గాలి బాగా వస్తుంది. పెద్దావిడకి హాయిగా ఉంటుంది."

అతను అబద్ధమేమీ చెప్పలేదు. మెత్తటి మనుషులతో వచ్చే చిక్కే అది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వదిన ఇంట్లో సంగతి చెప్పేసింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. దర్జీకి ఏం చేయాలో తోచక చేతిలో ఉన్న ఎవరిదో చొక్కా చెయ్యి ఇచ్చాడు, కళ్లు తుడుచుకోమని.

"చెప్పకపోతే?" అని అడిగాడు.

"ఇల్లు పోతుంది. నలభై ఇళ్లూ పోతాయి."

"చెప్తే?"

"నా పేరు పోతుంది. కాటా మీద నన్ను ఇంకెవరు నమ్ముతారండీ? అదొక్కటేగా నాకున్నది."

దర్జీ టేపు మెడ చుట్టూ సర్దుకున్నాడు. "తప్పు కొలిచి కోసేసిన బట్టలు నా దగ్గర ఎన్ని లేవు? ఏం చేస్తాను. ఆసామిని పిలిచి చెప్తాను. తిడతాడు. తిట్టించుకుని మళ్లీ కుడతాను. చెప్పకుండా తొడిగి పంపిస్తే వాడు వీధిలో చెయ్యెత్తినప్పుడు ఎలాగూ చిరుగుతుంది."

మంచం మీంచి అత్తగారు కల్పించుకుంది. "ఒరే, దానికి చొక్కాల సంగతి చెప్తావేంటి? ఇదిగో కోడలా, పేరు పోతుందని ఏడుస్తున్నావే, ఆ రోజు శభాష్ అన్నారని నాకు చెప్పావే, గుర్తుందా? అప్పుడు నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. మూతి తిప్పారు."

"మూతి తిప్పి, పక్కింటికి వెళ్లి, మా కోడలు కొండని తూస్తుందని చెప్పుకున్నాను. వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు అదే వీధికి నువ్వెళ్లి తప్పు తూచానని చెప్పు. నేను మళ్లీ మూతి తిప్పుతాను, అంతకన్నా ఏం కాదు." ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

సభ గని ఆఫీసు పక్కన రేకుల షెడ్డులో జరిగింది. వీధి వాళ్లు బెంచీల మీద, డ్రైవర్లు గోడల వెంబడి, అధికారి ఫ్యాను కింద. మేనేజరు లెక్క చదివాడు. ఇరవై ఎనిమిది లక్షలు తీశాం, రెండు లక్షలు మిగిలాయి, వీధివాళ్లకు రేకుల ఇళ్లు సిద్ధంగా ఉన్నాయి. అధికారి పెన్ను మూత తీశాడు. ఏటా అదే షెడ్డు, అదే ఫ్యాను, అదే సంతకం. తొందరగా ముగిస్తే భోజనం వేళకు ఇంటికి చేరవచ్చు.

"ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని మాట వరసకు అడిగాడు.

వదిన లేచింది. చంకలో మొదటి పుస్తకం, చేతిలో చీటీల కట్ట. ఇరవై రెండేళ్లు కిటికీ లోపల కూర్చుని మాట్లాడిన మనిషికి కిటికీ లేకుండా మాట్లాడటం కష్టంగానే ఉంటుంది.

"చెప్పాలండి. ఆ లెక్క తప్పు. తప్పు చేసింది నేను."

ఆమె వాన రోజు సంగతి చెప్పింది, పొయ్యి సంగతి చెప్పింది, ఎత్తి రాయడం సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. చీటీలు బల్ల మీద పెట్టి, ఐదు చొప్పున కడితే ముప్పై లక్షలు దాటి ఇరవై రెండు వేలు పైకి తేలిందని చెప్పింది. బెంచీల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఒకాయన, అయితే మన ఇల్లు పోగొట్టబోయింది ఈవిడేనన్నమాట అన్నాడు. ఆ మాట ఆమె విన్నది. విని అలాగే నిలబడింది.

అధికారి మిగతా పుస్తకాలు కూడా తెప్పించి ఒకటొకటిగా తిప్పాడు. ప్రతి పుస్తకంలో పన్నెండు, పక్కన వదిన సంతకం. దాని కింద, చివరి ఏడేళ్లూ మేనేజరు సంతకం. దాని కింద, చివరి తొమ్మిదేళ్లూ తన సంతకం. తిలా పాపం తలా పిడికెడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు, అంతలో సంతకం ఇంకెవరిదైనా అయిపోతుందేమోనన్నట్టు. కాలేదు.

"మేనేజరుగారూ, ఫ్యాక్టరీ చీటీల్లో తేమ మీరు చూడలేదా?"

మేనేజరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అమ్మకానికి చూస్తామండి. పుస్తకానికి... పుస్తకంలో మొదట్నుంచీ ఉన్నదే..."

"అమ్మేటప్పుడు ఐదు, చూపించేటప్పుడు పన్నెండా?"

డ్రైవర్లలోంచి ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. పెన్ను మూత పెట్టేసి వదిన వైపు తిరిగాడు. ఇప్పుడాయన నిద్రమత్తంతా వదిలిపోయింది.

"అయితే అమ్మా, ఇక నుంచి ఐదని రాయించమంటారా?"

"వద్దు సార్. ఐదు కూడా రాయించకండి. ఒక్కరోజు చూసి ఒక్క అంకె రాస్తే ఏమైందో చూశారుగా. ఏ రోజుకారోజు ఎండబెట్టి చూడమనండి. పెనం ఎక్కువ ఖరీదు కాదు."

తవ్వకం ఆ రోజు నుంచే ఆగింది. గుంట కొలిచేవాళ్లు మూడు కాళ్ల పరికరాలతో వచ్చి రెండు నెలలు కొలిచారు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, వీళ్లు తవ్వేసిన కొండను కొలిచి పట్టింది కూడా ఇంచుమించు వదిన ఇంట్లో ప్యాంటు గుడ్డ మీద తేలిన అంకెనే. గీత దాటిన మాట నిజమని తేలింది. వీధి కదలనక్కర్లేదన్నారు. గుంట పూడ్చే పని మొదలైంది. సగం లారీలకు మట్టి మోసే పని దొరికింది, సగానికి దొరకలేదు. పని దొరకని డ్రైవర్లలో ఇద్దరు వదినతో మాట్లాడటం మానేశారు. మాట్లాడమని ఆమె అడగలేదు. వీధిలో కూడా కొందరు ఆమెను చూసి తల తిప్పుకునేవారు, కొందరు పిలిచి కుర్చీ వేసేవారు. రెండూ ఆమెకు సరిగానే అనిపించాయి. మేనేజరుకు వేరే కొండకు బదిలీ అయింది. పెద్ద ఉద్యోగాల్లో తప్పు దొరికితే దాన్ని బదిలీ అంటారు. చిన్న ఉద్యోగాల్లో దానికి వేరే కాగితం ఉంటుంది.

ఆ కాగితం ఒక ఉదయం బంట్రోతు చేత వచ్చింది. బంట్రోతుకు ఆమె ముఖం చూడటం ఇష్టం లేక కుట్టుమిషను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అందినట్టు సంతకం పెట్టి ఇమ్మన్నారు వదినా. చదవక్కర్లేదు, అందరికీ తెలిసిందే."

వదిన అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదివింది. వేలు పెట్టి ఒక్కో మాట చదివింది. కాటా గుమాస్తా ఇరవై ఏళ్ల పాటు తేమను పరిశీలించకుండా ఒకే అంకెను ఎత్తి రాసినందువల్ల తవ్వకం లెక్క తక్కువగా నమోదైందని, ఆ నిర్లక్ష్యానికి ఆరు నెలలు ఉద్యోగం నుంచి తప్పిస్తున్నామని అందులో ఉంది. దర్జీ మిషను ఆపాడు. లోపల అత్తగారు మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటి వరసకు వచ్చి, అక్కడ వేలు పెట్టి ఆగింది.

"ఇది తప్పు. ఇరవై ఏళ్లు కాదు, ఇరవై రెండు."

బంట్రోతుకు అర్థం కాలేదు. "ఇరవై అంటే మీకే మంచిది కదా వదినా. రెండేళ్లు తగ్గింది."

"ఉన్నదానికన్నా తక్కువ రాసే కదయ్యా ఇంత దూరం తెచ్చాం," అని ఆమె కాగితం మడిచి అతని చేతికిచ్చింది. "ఇరవై రెండు చేయించుకుని తీసుకురా. అప్పుడు సంతకం పెడతాను."